జాబితాలో నాలుగో పేరు

ఎక్స్‌రే గదిలో ఆమె రోజుకి వందసార్లు ఒకే మాట చెబుతుంది. "ఊపిరి బిగబట్టండి... కదలకండి... ఆఁ, వదలండి." పదమూడేళ్లుగా అదే గది, అదే పని. రోగులకి ఆమె అంటే కాస్త భయం, డాక్టర్లకి ఇంకాస్త ఎక్కువ. కాలేజీ రోజుల్లో ఆమెని అందరూ మిరప అనేవాళ్లు. కోపం ముక్కు మీదే ఉంటుందని, వాళ్ల గుంపుని నడిపించే లీడర్ పెట్టిన పేరు అది.

ఆ లీడరే ఒక మధ్యాహ్నం ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. తన ముప్పై అయిదో పుట్టినరోజు వస్తోందట. పాత స్నేహితులందరం ఒక రాత్రి ఎక్కడికైనా పోదామట, అదీ చవగ్గా. కొండ మీద ఏదో పాత ట్రైనింగ్ సెంటర్ ఖాళీగా పడి ఉందట, వ్యానుతో కలిపి కారుచవగ్గా ఇస్తున్నారట. కింద దూది పది కేకు బొమ్మలు పెట్టేసింది. దూది చిన్నపిల్లల బడిలో టీచరు. ఎవరేమన్నా సరే అనడం తప్ప ఇంకోటి తెలీని మనిషి.

"అందరం" అన్న మాట చూసి మిరపకి ఒళ్లు మండింది. అందరం అంటే నలుగురు. నాలుగోది పిచ్చుక. పోయి పదిహేనేళ్లయింది.

ఆ నలుగురికీ కాలేజీలో ఒక అలవాటు ఉండేది. ఎవరు క్లాసు ఎగ్గొట్టినా, మిగతావాళ్లలో ఒకరు వాళ్ల గొంతు పెట్టి హాజరు పలికేవాళ్లు. ఈ విద్యలో పిచ్చుక అందరినీ మించిపోయింది. మిరప గొంతయితే అచ్చు గుద్దినట్టు దింపేసేది, చివర్లో ఆ విసుగుతో సహా.

మూడో ఏడాది రాళ్ల క్వారీ చూపిస్తామని బస్సులో తీసుకెళ్లారు. చీకటి పడే వేళ లెక్చరర్ బస్సు మెట్టు మీద నిలబడి పేర్లు పిలిచాడు. పిచ్చుక పేరు దగ్గర పీలగా "ఉన్నా సార్" అని వినబడింది. బస్సు కదిలింది. పిచ్చుక అందులో లేదు. మూడో రోజు క్వారీ గుంటలో నీళ్లమీద తేలింది.

ఆ సాయంత్రం మిరపకి ఒళ్లు కాలిపోయే జ్వరం. మాత్ర మింగి కిటికీకి తల ఆనించి పడుకుంది. ఆ "ఉన్నా సార్" నిద్రలోనే విన్నది. చెవి పక్కనే విన్నది. పక్క సీట్లో కూర్చున్నది లీడర్. పదిహేనేళ్లుగా ఆ మాట అడగాలనుకుని, నాలుక చివరిదాకా వచ్చాక మింగేస్తూ వచ్చింది. ఈసారి మింగదు. ఆ పలికింది తనేనని లీడర్ నోటితోనే చెప్పించి కానీ కొండ దిగదు. అందుకే ఆ వెధవ ప్రయాణానికి సరేనంది.

సాయంత్రానికి వ్యాను వాళ్లని కొండ మీద దింపింది. సెంటర్ అంటే పొడుగాటి హాలు, రెండు వరసల్లో ఇనప మంచాలు, వెలిగీ వెలగని ఒక ట్యూబ్‌లైటు. నాలుగు మంచాల మీద మాత్రం దుప్పట్లు పరిచి ఉన్నాయి. గదంతా ఫినాయిల్ వాసన. దాని కింద ఇంకో వాసన కూడా ఉంది. తడిసిన రాతిపొడి వాసన. బయట వాన చుక్క పడలేదు.

తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది, వచ్చినవాళ్ల పేర్లతో. మిరప ఊరికే చదివింది. నాలుగో పేరు దగ్గర ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

"ఇదేంటే?"

లీడర్ బ్యాగు సర్దుకుంటూ తలెత్తలేదు. "నలుగురుంటేనే ఆ రేటు ఇస్తారట. ఎవరిదో ఒక పేరు రాయాలిగా."

"చచ్చిపోయిన మనిషి పేరా? డిస్కౌంటు కోసం?"

"అరవకు. దానికేం పోయింది ఇప్పుడు?"

మిరప పళ్లు పటపటా కొరికింది. ఆ నిమిషంలోనే జుట్టు పట్టుకుని అడిగేసేదే. దూది మధ్యలో దూరి, "పుట్టినరోజే తల్లీ, ఈ ఒక్క పూటా ఆగవే" అని చేతులు పట్టుకుంది. సరే, ఆగింది. కేకు కోశాక అడగొచ్చు. తిన్నది అరక్కుండానే అడగొచ్చు.

రాత్రి భోజనాలయ్యాక ముసలి వాచ్‌మన్ టార్చితో వచ్చాడు. "పదింటికి లైట్లు ఆపేస్తానమ్మా. పేర్లు పిలుస్తాను, పలకండి. ఇది ఇక్కడి పద్ధతి. తలలు లెక్క తేలందే నేను గేటుకి తాళం వెయ్యను."

"మేమేమన్నా ఖైదీలమా తాతా?" అంది మిరప.

"ముప్పై ఏళ్ల అలవాటమ్మా" అన్నాడతను, అంతే.

కేకు మీది కొవ్వొత్తి ఇంకా ఆర్పనేలేదు, ట్యూబ్‌లైటు ఆరిపోయింది. తలుపు అద్దం అవతల టార్చి వెలుగు నిలబడింది. కాగితం చూసి ఒక్కొక్క పేరే చదవడం మొదలుపెట్టాడు.

లీడర్ పలికింది. దూది పలికింది. మూడో పేరుకి మిరప విసుగ్గా "ఉన్నా" అంది.

నాలుగో పేరు చదివాడు.

"పలకవే" అని లీడర్ గుసగుసలాడింది. "లేదంటే మన ముగ్గురినీ ఇప్పుడే కిందికి పంపేస్తాడు. పలుకు."

మిరప పెదాలు బిగబట్టింది. చచ్చినా పలకదు. వాచ్‌మన్ మళ్లీ చదివాడు. కొవ్వొత్తి మంట ఒక పక్కకి వాలింది.

"ఉన్నా సార్."

పీలగా... చిన్నగా... అదే గొంతు.

టార్చి వెలుగు వెనక్కి తిరిగింది. చెప్పుల చప్పుడు దూరమైంది. దూది ఊపిరి వదిలి కిసుక్కున నవ్వింది. "అబ్బ, అచ్చం దాని గొంతేనే! ఇన్నేళ్లయినా నువ్వు మర్చిపోలేదు."

"నేను పలకలేదు."

ఇద్దరూ ఆమె మొహం వంకే చూస్తున్నారు. మిరపకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నన్నెందుకు చూస్తారు? ఆ రోజు బస్సులో పలికిందెవరో ఇప్పుడూ వాళ్లే పలికారు. లీడరూ, నువ్వే. నా చెవి పక్కనే విన్నాను. పదిహేనేళ్లు నోరు మూసుకుని తిరిగావు, సిగ్గులేదూ? ఇవాళ దాని పేరు మీద చవగ్గా మంచాలు తీసుకున్నావు. ఒప్పుకో! ఒక్కసారి నీ నోటితో ఒప్పుకో!"

లీడర్ కేకు పళ్లాన్ని పక్కకి జరిపింది. తర్వాత మెల్లగా అంది, "ఆ రోజు పలికింది నువ్వే. జ్వరంలో ఉన్నావు, కళ్లు కూడా తెరవలేదు. సార్ దాని పేరు పిలవగానే నిద్రలోనే పలికావు. నీ పక్కనే ఉన్నాను, నీ పెదాలు కదలడం చూశాను. పిచ్చుక వెనక సీట్లోనే ఉందనుకున్నాను, నువ్వెందుకు పలుకుతున్నావా అని నవ్వాను కూడా. దూది కూడా చూసింది."

"అబద్ధం."

దూది తల దించుకుంది. సరే అనలేదు, కాదనలేదు. ఎప్పుడూ సరే అనే మనిషి నోరు మెదపకపోవడంతో మిరపకి విషయం అర్థమైంది.

"చెబితే నువ్వు బతకవనుకున్నాం" అంది లీడర్. "అందుకే నన్ను తిట్టుకుంటున్నా ఊరుకున్నాను. ఎన్నేళ్లు తిట్టుకున్నావో నాకు తెలీదనుకుంటున్నావా?"

అప్పుడు గుర్తొచ్చింది. చెవి పక్కన కాదు... గొంతులోనే. ఎండిపోయిన నాలుక మీద మాత్ర చేదు, దాని మీంచి జారిన ఆ రెండు మాటలు. పదిహేనేళ్ల కోపానికి చోటు లేక అది వెనక్కి తిరిగి ఆమె మీదే పడింది. తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించింది.

"మరి ఇప్పుడు పలికిందెవరే?" అంది దూది.

నాలుగో మంచం కిర్రుమంది.

లీడర్ ఫోన్ లైటు వేసింది. దుప్పటి మీద చిన్న గుంట... ఎవరో ఇప్పుడే కూర్చుని లేచినట్టు. దుప్పటి తడిసి ఉంది. ఆ తడిలో బూడిదరంగు రాతిపొడి...

దూది కెవ్వుమంది. ఇద్దరూ బ్యాగులు కూడా పట్టుకోకుండా బయటికి పరిగెత్తారు. గేటు దగ్గర డ్రైవరు వ్యానులోనే పడుకుని ఉన్నాడు. తలుపు బాదడం, లేపడం, "ఇప్పుడే పోనివ్వన్నా" అని బతిమాలడం, వాచ్‌మన్ గొణుక్కుంటూ తాళం తియ్యడం, అన్నీ మిరపకి లోపలికి వినబడుతూనే ఉన్నాయి. ఆమె కదల్లేదు. మంచం ఎదురుగా నిలబడింది. భయం కన్నా తన మీద కోపమే ఎక్కువగా ఉంది. ఒక్క మాటయినా చెప్పకుండా వెళితే తను మనిషే కాదు.

"నేనేనే" అంది చీకట్లోకి. "నిద్రలో పలికాను. నువ్వు ఎక్కావో లేదో చూడకుండా పలికాను. నన్ను తిట్టు. ఏదో ఒకటి అను."

చీకట్లోంచి ఏ మాటా రాలేదు. రాతిపొడి వాసన మాత్రం ఉన్నట్టుండి పోయింది. కిటికీ తెరిచి ఎవరో బయటికి తీసుకుపోయినట్టు పోయింది.

బయట ఇంజన్ గుర్రుమంది. డ్రైవరు నిద్రమత్తులో, అవే నాలుగు పేర్లున్న కాగితం పట్టుకుని గట్టిగా చదువుతున్నాడు. తెచ్చినవాళ్లందరినీ ఎక్కించుకున్నట్టు అతను కూడా టిక్కు పెట్టాలట. లీడర్ పలికింది. దూది ఏడుస్తూ పలికింది. తర్వాత మిరప పేరు.

"వస్తున్నా" అనబోయింది మిరప.

"ఉన్నా! పదండి ఇంక!"

అది వ్యానులోంచి వచ్చింది. తన గొంతే... చివర్లో ఆ విసుగుతో సహా.

మిరప గుమ్మం దాటి పరిగెత్తింది. మెట్ల మీద చెప్పు జారింది, మోకాళ్ల మీద పడింది. డ్రైవరు అప్పుడే నాలుగో పేరు చదివాడు. ఆమెకి ఆ పేరు వినబడలేదు. వ్యాను వెళ్లిపోతుందన్న భయం ఒక్కటే తెలుసు.

"ఉన్నా!" అని అరిచింది, ఉన్న ఊపిరంతా పెట్టి. "ఉన్నా సార్!"

గొంతు పీలగా వచ్చింది.

డ్రైవరు కాగితం మీద టిక్కు పెట్టాడు. తలుపు ధడేల్మని మూసుకుంది. ఎర్ర లైట్లు రెండూ మలుపు తిరిగి కొండ దిగిపోయాయి. వాచ్‌మన్ గేటు మూసి తాళం వేశాడు. లెక్క తేలింది, ఇంక అతనికి వెనక్కి తిరిగి చూసే పని లేదు. ఎంత అరిచినా ఆమె నోట్లోంచి గాలి తప్ప ఇంకేం రాలేదు.

ఫోన్ తీసి దూదికి కొట్టింది. మూడో రింగుకి ఎత్తింది. ఇంజన్ చప్పుడు, వెనకాల లీడర్ వెక్కిళ్లు.

"ఏంటే" అంది దూది గుసగుసగా. "వెనక సీట్లో కూర్చుని నాకు ఫోన్ చేస్తావేంటి? మాట్లాడవేం...? సరేలే, ఏడవకు. ముందా చెయ్యి నా భుజం మీంచి తియ్యి తల్లీ, తడిగా ఉంది."

ఫోన్ కట్టయింది. మిరప వ్యాను పోయిన దారి వైపే చూస్తూ మెట్ల మీద కూలబడింది. పిచ్చుక ఆ వ్యానులో ఉంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. పిచ్చుక పేరుకి పలికి ఇక్కడ మిగిలింది తను.

ఆమె వెనకాల, ఎవరూ లేని హాల్లో, నాలుగో మంచం మళ్లీ కిర్రుమంది.