బావకి కడుపులో పుల్లగా ఉంది

“బావకి కడుపులో పుల్లగా ఉంది బాబాయ్. రెండు రోజులు ఏమీ పెట్టొద్దు. కాస్త సోడా కలిపి పట్టించు. వెచ్చగా ఉంచు.”

ల్యాబ్ గుమ్మంలో ఇంజిన్ మెకానిక్ కాళ్ళకి బ్రేకు పడింది.

ఊరి మురుగునీటిని శుద్ధి చేసే ఆ ప్లాంటుకి అతనొచ్చి వారమే అయింది. బురద పులిస్తే పుట్టే గ్యాస్‌తో కరెంటు తీసే కొత్త ఇంజిన్ బిగించడానికొచ్చాడు. గ్యాస్ సంగతి అడిగే నెపంతో ల్యాబ్ కెమిస్ట్‌ని చూడ్డానికి రావడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

ఆమె ఫోను పెట్టేసింది.

“మీ బావగారికి ఒంట్లో బాగాలేదాండీ?” మెల్లగా అడిగాడు.

“మీరు చేసిన పనికే!”

“నేనా? ఆయన మొహమైనా చూళ్ళేదు!”

“చూడకుండానే నిన్న రెట్టింపు మేపారుగా!”

అతన్ని కిటికీ దగ్గరికి పిలిచి వేలు చూపించింది. సన్నటి వానలో బురద పులిసే డైజెస్టర్ ట్యాంకు, మూడంతస్తుల ఎత్తుది, తడుస్తోంది.

“ఆయనే. వేళకి పెట్టాలి, వెచ్చగా చూసుకోవాలి, కాస్త ఎక్కువైతే అలుగుతాడు. అందుకే నేనూ, పంపులు నడిపే బాబాయ్ కూడా ఆయన్ని ‘బావ’ అంటాం.”

మెకానిక్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. తప్పు గుర్తొచ్చి మళ్ళీ సగం పోయింది. గ్యాస్ ఎక్కువొస్తుందని బురద వాల్వు రెండోది కూడా తిప్పింది తనే.

“ఎందుకంత తొందర?” అడిగిందామె.

“శుక్రవారం పరీక్షండీ. ఇంజిన్ ఎనిమిది గంటలు ఆగకుండా తిరగాలి. లేకపోతే విప్పి లారీ ఎక్కిస్తారు. దాంతోపాటు నన్నూ.”

“వెళ్తే ఏం నష్టం?”

అతను వాన వైపు చూశాడు. “ముందు మీ బావని బాగు చేద్దామండీ,” అన్నాడు.

రెండు రోజులు బావకి లంఖణం. మూడో రోజు కొద్దికొద్దిగా మేత. ఆమె గంటగంటకీ బురదలో పులుపు ఎంతుందో పరీక్షించేది. శాంపిల్ సీసాలు మోసింది మెకానిక్.

శుక్రవారం తొమ్మిదింటికి ఇంజిన్ అందుకుంది. మధ్యాహ్నానికి గ్యాస్ మీటరు ముల్లు కిందికి జారింది. అతని చెయ్యి మేత పంపు స్విచ్ మీదికి పోయింది.

“ఆగండి,” అందామె. “పొద్దున తిన్నదింకా అరగలేదు. కాస్త ఓపిక పట్టండి.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పది నిమిషాలు పదేళ్ళలా గడిచాయి. ముల్లు మెల్లగా పైకి లేచింది.

అయిదింటికి ఆఫీసరు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

“ఇంజిన్ ఉండిపోయింది,” అందామె.

“దాంతోపాటు నేనూ. ఆ రోజు అడిగారుగా, ఏం నష్టమని. వెళ్ళిపోతే రోజుకి మూడుసార్లు ల్యాబ్‌కి రాలేనండీ. అదే నష్టం.”

ఆమె నవ్వు దాచుకోలేకపోయింది. “ఇంట్లో బాబాయ్‌తో నా ఫోను మాటలు మా అమ్మ వింది. ఎవరే ఆ బావ, ఆదివారం ఇంటికి తీసుకురా అంది. ఏం చెప్పను? ఆయన మన గుమ్మంలో పట్టడని చెప్పనా?”

మెకానిక్ చేతుల గ్రీజు గబగబా తుడుచుకున్నాడు.

“నేను పడతానండీ.”

“తల వంచుకుని రండి మరి. మా గుమ్మం పొట్టిది.”