జీపులో అరవని ఇద్దరు

"రేపు కోర్టు గద్దను వదిలేస్తుంది. వదలనివ్వు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పర్శరాములు పళ్ళు బిగించాడు. గద్ద అన్నది కోడ్ నేమ్. పైకి సూరి, మంచిర్యాల కలప కంట్రాక్టర్. లోపల పరాయి దేశపు గూఢచారి. కానీ కరీంనగర్ సెషన్స్ కోర్టులో వాడి మీదున్న కేసు గూఢచర్యం కాదు. చంద్రవ్వ అనే పంతొమ్మిదేళ్ళ నేతవారి పిల్లను జీపులో ఎత్తుకెళ్ళి, అడవి బంగళాలో చెరిచిన కేసు.

"లీనా వాడి వెంటే వెళ్తుంది. ముఠా మొత్తం మనకు దొరుకుతుంది."

లీనా డబుల్ ఏజెంట్. జీతాలు రెండు. అందం కూడా రెండు జీతాలకు సరిపడా ఉంది.

"ఆ రోజు వాడి డ్రైవర్ వేషంలో జీపు నడిపింది నేను, సార్. ఆపబోతే నా మెడకు పిస్టల్ ఆనించింది లీనా."

"నటన."

"ఆ డ్రైవర్ కోసం పోలీసులు వెతుకుతున్నారు."

"వెతకనీ. నీ కవర్ పోతే మిషన్ పోతుంది. కోర్టులో నోరు విప్పకు. ఆర్డర్."

మర్నాడు పర్శరాములు తెల్లగడ్డం అంటించుకుని, అర్జీలు రాసే ముసలివాడి వేషంలో కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. జేబులో సర్కారువారి స్పెషల్ పెన్ను. అది ఫోటోలు తీస్తుంది, రాయడం మాత్రం రాదు. పక్కన చంద్రవ్వ తల్లి పోశవ్వ.

బోనులో చంద్రవ్వ.

"పెద్దపల్లి రైల్వే గేటు దగ్గర జీపు ఆగింది కదా?" అన్నాడు డిఫెన్స్ వకీలు.

"ఆగింది."

"చుట్టూ జనం. ఎందుకు అరవలేదు?"

"పిస్తోలు వెట్టింది సారూ, గా నల్లద్దాలామె. డ్రైవర్ మెడకోపారి, నాకోపారి."

"ఆ డ్రైవర్ ఏడీ?"

"నాకేమెరుక?"

"ఒంటి మీద దెబ్బల్లేవు. గాజులైనా పగల్లేదు."

తర్వాత డిఫెన్స్ సాక్షిగా లీనా బోనెక్కి నల్లద్దాలు తీసింది. "దారి పొడుగునా నవ్వుతూనే ఉంది, యువరానర్."

పోశవ్వ ముసలివాడి వైపు వంగింది. "తాతా, గా వకీలు మెడకు పిస్తోలు వెట్టి అరువుమనుండ్రి. ఎట్లరుస్తడో జర నేను గూడ ఇంట."

జడ్జి గొంతు సవరించుకున్నాడు. "ఆమె మాటకు దన్నుగా మరో సాక్ష్యం లేదు గనుక..."

గద్ద అప్పుడే టై సర్దుకుంటున్నాడు.

"ఉంది," అంటూ పర్శరాములు లేచి గడ్డం పీకేశాడు. "ఆ డ్రైవర్ని నేనే."

ఏ దశలోనైనా సాక్షిని పిలిచే అధికారం కోర్టుకుంది. జడ్జి పిలిచాడు. ప్రమాణం అయింది.

"మరి మీరెందుకు అరవలేదు?" అన్నాడు వకీలు.

"పిస్టల్ ఉంది."

వకీలు తలూపాడు. జడ్జి రాసుకున్నాడు. బంట్రోతు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. దెబ్బలేవని ఎవరూ అడగలేదు. నవ్వావా అని అసలే అడగలేదు.

గ్లాసు ముట్టుకోకుండా పర్శరాములు అన్నాడు: "ఆమె చెప్పిందీ ఇదే, సార్. ఇదే బోనులో. ఆమెకెవరూ నీళ్ళివ్వలేదు. బంగళాలో నన్ను పక్కగదిలో కట్టేశారు. గోడ అవతల ఆమె అరిచింది. విన్న సాక్షిని మా డిపార్ట్‌మెంటే దాచింది."

లీనా గుమ్మం వైపు దూకింది. పోశవ్వ కాలు అడ్డం పెట్టింది. హ్యాండ్‌బ్యాగ్ బోర్లా పడి, లిప్‌స్టిక్ గొట్టంలోంచి గోదావరి రైలు వంతెన ప్లాన్ల మైక్రోఫిల్ము దొర్లింది. నటన అక్కడితో సమాప్తం.

వారం తర్వాత తీర్పు వచ్చింది. గద్దకు పదేళ్ళు. గూఢచర్యం కేసు వేరే.

కోర్టు మెట్ల మీద పోశవ్వ పర్శరాముల్ని ఆపింది. "ఇద్దరొక్క తీరుగనే జెప్పిరి గద సారూ. నా బిడ్డ జెప్పిన దాంట్ల ఏం తక్కువైంది?"

పర్శరాములు నున్నగా గీసుకున్న పై పెదవి తడుముకున్నాడు.

"మీసం, అక్కా."