ఖాళీ సీటు వాటా

మా మనవడి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే వడ్డన అని చెబుతాను. ఆఫీసులో వీడి బల్ల పక్కన సీటుకో దీపం మిణుకుమనే పెట్టె ఒకటి ఉందట. నెట్ అందులోంచే అన్ని సీట్లకూ వెళ్తుంది. ఏ సీటుకు ఎంత వేగమో పంచేది వీడే.

ఆ పంపకం దగ్గరే తగువొచ్చింది. ఇళ్ళ ప్లాన్లు గీసే పిల్ల ఓ వానరోజు వీడి ముందుకొచ్చి నిలబడింది.

“నా నెట్ కోసింది మీరేనా?”

“కొయ్యలేదండీ, పంచాను. మీ ఫైళ్ళు ఒక్కోటీ ఏనుగంత. మీరు పంపుతుంటే మిగతావాళ్ళ ఫోన్లలో మాట తెగిపోతోంది.”

“అయితే ఏనుగు పట్టే దారివ్వండి.”

కిందామీదా పడి, ఎవరికీ లోటు రాకుండా ఇచ్చాడు. అప్పటినుంచి టీ వేళకు ఇద్దరూ కిటికీ దగ్గరే. ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. అసలు మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు. ఈలోగా ఆ పిల్లను వేరే ఊరికి బదిలీ చేశారు.

“నా సీటు జాగ్రత్త,” అని నవ్వి వెళ్ళిపోయింది.

పెట్టె మీద ఆ సీటు దీపం ఆరిపోయింది. వీడు రోజూ దాన్నే చూసి ఇంటికొచ్చి, కంచంలో అన్నం కెలుకుతూ కూర్చునేవాడు.

“ఫోన్ చెయ్యరా.”

“ఏమని చెయ్యను అమ్మమ్మా?”

“బాగున్నావా అని. అంతకంటే మొదలేముంది?”

చెయ్యలేదు. ఆఫీసులో కొత్తవాళ్ళు చేరారు. మేనేజర్ పట్టుకున్నాడు.

“ఏమయ్యా, ఆ ఖాళీ సీటు వాటా వీళ్ళకిచ్చెయ్. ఆవిడ ఇక రాదు.”

“వీళ్ళకి సర్దుతాను సార్.”

సర్దాడు. ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఎవరూ అడగలేదు.

మళ్ళీ వానలొచ్చాయి. ఓ పొద్దున పెట్టె మీద ఆ దీపం వెలిగింది. వీడు తలెత్తేసరికి తడిసిన గొడుగుతో ఆ పిల్ల ఎదురుగా ఉంది.

“తీగ తగిలించానో లేదో ఏనుగు పరిగెత్తింది. నా వాటా ఇంకా ఉందేంటి?”

“తియ్యడం మర్చిపోయాను.”

“ప్రింటరుకి కూడా కొలిచిచ్చే మనిషివి, నువ్వా మర్చిపోయేది?” అంటూ వీడి కంప్యూటర్ వైపు వంగింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. “ఇదేంటి, నత్తలా?”

“కొత్తవాళ్ళకి నాది ఇచ్చాను.”

ఆ పిల్ల గొడుగు కింద పెట్టి, తిరుగుతున్న ఆ చక్రాన్నే చూసిందట. ఇప్పుడు మా ఇంట్లో నా పక్కన కూర్చుని బఠాణీలు వలుస్తూ ఇదంతా చెప్పేటప్పుడు, ఈ చోటికొచ్చేసరికి ఇప్పటికీ ఆగిపోతుంది.

“నన్ను మళ్ళీ ఇక్కడికే వెయ్యమని మేనేజర్ని అడగడానికొచ్చాను,” అందట చివరికి. “నువ్వొక్క మాటంటే లోపలికెళ్తాను.”

వీడికి నేను నేర్పిందే నోటికొచ్చింది.

“బాగున్నావా?”

“లేను,” అని ఆ పిల్ల వెళ్ళి మేనేజర్ గది తలుపు తట్టింది.