కహ్కషాన్ వేసుకున్న తాళం

పొయ్యి మీద రొట్టె మాడుతోంది. ముంతాజ్ చూసుకోలేదు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, బొటనవేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది. ఆమెకు ఫోన్‌లో రాయడం నేర్పింది పెద్ద కూతురు కహ్కషాన్. ఆ పిల్ల ఎనిమిది నెలల కిందట డెంగీ జ్వరంతో వరంగల్ దవాఖానలో పోయింది.

జఫర్‌గఢ్ బడిలో తెలుగు చెప్పే ఆమె భర్త దస్తగిరి సారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ రోజూ చేసే పనే చేశాడు. తన ఫోన్‌లో ఆ కూతురి ఫేస్‌బుక్ పేజీ తెరిచాడు. అది చూడనిదే ఆయన గడప దాటడు.

"అమ్మీ, రొట్టె మాడుతుంది. గంత సోయి లేకుంట ఎవరితోని ముచ్చట?" అంటూ చిన్న కూతురు తస్లీమా వచ్చింది.

"అక్కతోని."

తస్లీమా ఫోన్ లాక్కుని చూసింది. కహ్కషాన్ పేరు. నీలం దుపట్టాలో ఆమె ఫొటో. 'అమ్మీ, తిన్నవా?' 'తిన్న బిడ్డా, నువ్వు?' ఇరవై రోజుల మాటలు.

"గిది అక్క కాదమ్మీ. అక్క ఫొటోలు ఎత్కపోయి ఎవడో దొంగ అకౌంట్ తెరిచిండు."

"నాకెరుక లేదా? ఈ చేతులతోనే ఆఖరి నీళ్ళు పోసి గుసుల్ చేయించిన," అంది ముంతాజ్, పెనం దించుతూ. "తిన్నవా అని అడుగుతుంది. గా మాట ఈ ఇంట్ల ఇంకెవరడుగుతున్నరు?"

దస్తగిరి తల దించుకున్నాడు. తస్లీమా కిందికి జరుపుతూ చివరి మాట దగ్గర ఆగింది. 'అమ్మీ, చెల్లె ఫొటోలు పంపు. మంచియి.'

"పంపినవా?"

"ఇప్పుడే ఎతుకుతున్న."

తస్లీమా గోడకు ఆనుకుంది. ఆ అకౌంట్ మీద ఫిర్యాదు పెట్టి, బ్లాక్ చేసింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"అక్క తన పేజీ లాక్ చేసుకుండె. దోస్తులకు తప్ప ఒక్క ఫొటో కానరాకపోయేది. గా లాక్ ఎవరు తీసిన్రు అబ్బా?"

"నేనే."

పోయిన నలభయ్యో రోజు, ఫాతెహా చదివించిన నాడు, కూతురి ఫోన్ తీసి అన్నీ అందరికీ కనబడేలా మార్చాడు. శిష్యులు, ఊరివాళ్ళు చూసి రెండు మంచి మాటలు రాస్తారనుకున్నాడు. రాశారు కూడా.

"అక్క గా లాక్ ఎందుకు పెట్టుకున్నదో ఒక్కసారన్న సోంచాయించిన్రా?"

ఇతరుల ఉత్తరం విప్పకూడదని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెప్పిన మనిషి ఆయన. లేచి వెళ్ళాడు. బీరువాలోంచి కహ్కషాన్ ఫోన్ తెచ్చాడు. దానికి ఒక్కరోజు కూడా చార్జింగ్ తప్పనివ్వలేదు.

"ఎట్ల పెట్టాలె, చూపించు."

తస్లీమా పేజీ తెరిచింది. పక్కన, స్నేహం కోరుతూ వచ్చిన వినతుల్లో ఒకటి మూడేళ్ళ నాటిది. దస్తగిరిదే. కహ్కషాన్ దాన్ని ఒప్పుకోలేదు, తీసెయ్యనూ లేదు. ఎందుకని అప్పట్లో ఆయన అడిగితే, "ఇంట్ల గూడ హాజరు తీస్తరా సారూ?" అని నవ్వింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు.

తస్లీమా గొంతు తగ్గింది. "ఒప్పుకోండ్రి అబ్బా. ఫోన్ మన చేతులనే ఉన్నది. లాక్ పడ్డదంటే మీకు గూడ కానరాదు."

ఆయన వేలు ఆ మీట మీదికి వెళ్ళి ఆగింది.

"అది ఒప్పుకోలే బిడ్డా. దాని తరఫున నేనెట్ల ఒప్పుకుంట?"

లాక్ చేశాడు. తన ఫోన్ తెరిచి చూశాడు. గోరంత ముఖం మిగిలింది. దాని కింద, 'కహ్కషాన్ తన ప్రొఫైల్‌ను లాక్ చేసుకుంది' అని ఉంది. ఆ వాక్యాన్ని ఆయన రెండుసార్లు చదివాడు.

ముంతాజ్ రొట్టెల పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. పక్కనే తన ఫోన్ పెట్టింది. "నన్నైతె ఒప్పుకున్నది గద. నా దాంట్ల చూడుండ్రి."

దస్తగిరి ఫోన్ ముట్టుకోలేదు. పళ్ళేన్ని ఆమె వైపు జరిపాడు.

"ముంతాజ్, నువ్వు తిన్నవా?"

ఆమె లేదన్నట్టు తలూపి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. బడికి వేళ దాటిపోయింది. ఆయన లేవలేదు.