సూర్యుడి మీద జామ్ మరకలు

"పిడుగూ! మళ్లీ ముట్టుకున్నావా?"

అన్నయ్య అరుపుకి, మేడ మీద బట్టలు ఆరేస్తున్న అమ్మ వెనక్కి తిరిగింది.

సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్లు పోతాయి. అందుకే అమ్మ టెలిస్కోపుని స్టాండుకి బిగించి, దాని వెనక తెల్ల అట్ట నిలబెట్టింది. అట్ట మీద సాసరంత వెలుగు చక్రం పడింది. సోమవారం క్లాసులో చూపించడానికి అన్నయ్య దాని బొమ్మ గీస్తున్నాడు. తీరా చూస్తే చక్రంలో మూడు నల్ల మచ్చలు!

"జామ్ చేతులతో టెలిస్కోపు అద్దం పట్టుకున్నావు. నా బొమ్మంతా పాడు! ఇంక దీని దగ్గరికొచ్చావంటే చూడు!"

"నేను పట్టుకోలేదు," అంది పిడుగు. ఆరేళ్ల పిల్ల. ఇంట్లో ఏది పగిలినా ఆ పిల్ల ఖాతాలోనే. మూతి ముడుచుకుని మెట్ల గదిలోకి పోయింది. కాసేపటికి ఏడుపు వెక్కిళ్లు వినిపించాయి.

అన్నయ్య మెత్తటి గుడ్డతో అద్దం తుడిచాడు. మళ్లీ తుడిచాడు. మచ్చలు కదిలితే ఒట్టు!

"ఇంతకీ మచ్చ ఎక్కడుందిరా? అట్ట మీదా, అద్దం మీదా?" అడిగింది అమ్మ. అమ్మ విమానాశ్రయంలో రేడియోలు బాగుచేస్తుంది. లోపం ఎక్కడుందో తేలందే స్క్రూడ్రైవర్ పట్టుకోదు.

అన్నయ్య అట్టని పక్కకి జరిపాడు. మచ్చలు అట్టతో రాలేదు, చక్రంలోనే ఉండిపోయాయి. అద్దాన్ని మెల్లగా తిప్పాడు. మచ్చలు తిరగలేదు.

"అంటే... అమ్మా, ఇవి సూర్యుడి మీదే ఉన్నాయి!"

"అవునురా, సూర్యుడి మచ్చలే. అక్కడ అయస్కాంత శక్తి ముడులు పడుతుంది. లోపలి వేడిని సరిగా పైకి రానివ్వదు. అందుకే అక్కడ కాస్త చల్లగా, నల్లగా ఉంటుంది."

"చల్లగానా? అయితే అక్కడ దిగొచ్చా?"

"దిగు, బూడిద కూడా మిగలదు! చుట్టుపక్కల కంటే చల్లన, అంతే. ఈ మచ్చలు పెరుగుతాయి, చీలతాయి, కొన్నాళ్లకి మాయమవుతాయి. ఒక్కోసారి ఆ ముడులు పుటుక్కున తెగి, వెలుగూ వేడి కణాలూ ఎగజిమ్ముతాయి. అది మన వైపు తిరిగి ఉందా, మా రేడియోల్లో ఒకటే గరగర."

అన్నయ్యకి ఇంకా బోలెడు ప్రశ్నలు నాలిక చివరిదాకా వచ్చాయి. కానీ మెట్ల గదిలో వెక్కిళ్లు ఆగలేదు. పాపం, చేయని తప్పుకి చెల్లిని తిట్టాడు. వాడికి చాలా సిగ్గేసింది.

వెళ్లి చెల్లి పక్కన కూర్చున్నాడు. "ఆ మచ్చలు నీవి కాదే, సూర్యుడివి. సరిగా చూడకుండా నిన్ను తిట్టాను. తప్పు నాదే."

"నా మాట నమ్మలేదు నువ్వు," అంది పిడుగు ముక్కు తుడుచుకుంటూ.

"నమ్మలేదు. రా, ఇద్దరం గీద్దాం. మచ్చలు నువ్వు పెట్టు."

మర్నాడు మళ్లీ అట్ట నిలబెట్టారు. నిన్నటి బొమ్మ పక్కన పెట్టి చూస్తే, మచ్చలు కాస్త జరిగాయి. ఒకటి రెండుగా చీలింది.

"సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడే!" అని గంతేశాడు అన్నయ్య.

అంతలో చక్రం అంచున ఇంకో ముదురు మచ్చ కనిపించింది. "పిడుగూ..." అనబోయి ఆగాడు. అట్టని మెల్లగా జరిపాడు.

మచ్చ అట్టతోపాటే జరిగింది!

పిడుగు గబుక్కున చేతులు వెనక్కి దాచుకుంది. "అది... నాదే," అంది చిన్నగా.

అన్నయ్య పగలబడి నవ్వాడు. కొత్త అట్ట తెచ్చి నిలబెట్టాడు.

"పో, చేతులు కడుక్కునిరా. నువ్వొచ్చేదాకా గీయనులే," అన్నాడు.