రిపోర్టరమ్మ పుట్టుమచ్చ

"మా అమ్మమ్మ పుట్టుమచ్చ చెరిపేసిన మహానుభావుడు ఎవరండీ?"

ఆ అమ్మాయి గొడుగు నుంచి వాన నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి. పాత బొమ్మల పుస్తకాలను కంప్యూటర్‌లో శుభ్రం చేసి మళ్లీ అచ్చుకు పంపే ఆఫీసు అది. చిరిగిన బొమ్మలకు వైద్యం చేస్తాడని అందరూ 'డాక్టర్' అని పిలిచే కుర్రాడు తలెత్తాడు. ఎదురుగా ఎవరు?

బెలూన్‌లోంచి దొంగ నెత్తిన దూకి, వాడు లేవకముందే "మీ అభిప్రాయం?" అని అడిగే రిపోర్టరమ్మ! చిన్నప్పుడు అన్నం కూడా మరిచిపోయి చదివిన బొమ్మల కథ. అదే ముక్కు, అదే దబాయింపు. ఈమెకు కంటి కింద ఒక మచ్చ మాత్రం ఎక్కువ.

"రిపోర్టరమ్మ పెదవి పక్కన ఉన్నదా? ఇంకు మరక అనుకున్నానండీ."

"రెండు వందల పన్నెండు బొమ్మల్లోనూ ఒకే చోట పడే మరకా?"

అతనికి తల కొట్టేసినట్టయింది.

"తాతయ్య బొమ్మలు వేస్తే, మాటలు రాసింది అమ్మమ్మే. అయిదింటికి వస్తుంది. ఆవిడ సంతకం పెట్టకపోతే పుస్తకం రాదు."

పాత కాపీ పక్కన పెట్టుకుని ఒక్కొక్క మచ్చా తిరిగి పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె కుర్చీ లాక్కుని కాపలా కూర్చుంది.

"కొంచెం కిందికి."

"మీరు అటు చూడండి."

"ఎందుకు?"

"మీరు చూస్తుంటే చుక్క పక్కకి పోతోంది."

ఆమె నవ్వు ఆపుకుంది, కానీ అటు చూడలేదు.

అయిదింటికి వచ్చిన అమ్మమ్మ భూతద్దం పెట్టి ఒక్కొక్క పేజీ చూసింది. చివరి బొమ్మ దగ్గర ఆగింది.

"ఇది నా మచ్చ కాదే! కంటి కింద పెట్టావేం బాబూ? పాత పుస్తకం పక్కనే ఉందిగా, ఎటు చూస్తూ పెట్టావు?"

డాక్టర్ నేల చూపులు చూశాడు. మనవరాలి చెయ్యి తన కంటి కిందికి వెళ్లింది.

"ఇప్పుడే సరిచేస్తానమ్మా."

"వద్దు." అమ్మమ్మ కళ్లు చెమర్చాయి. "మీ తాతయ్యకి ఎడిటర్ చెప్పిన రిపోర్టరమ్మ మొహం వేరేనే. పక్క బల్ల మీద మాటలు రాసుకుంటున్న నన్ను చూస్తూ వేసేశారు. ఆ తప్పు దిద్దనివ్వలేదు నేను."

ఆవిడ సంతకం పెట్టి పెన్ను మూసింది.

మనవరాలు కుర్చీ అతని వైపు జరుపుకుంది.

"మీ అభిప్రాయం?"