మడదిబ్బ ధార

ఉదయం పదిగంటలకల్లా తాయారు కార్యాలయంలో తెర ముందు కూర్చుని పదకొండు సమాచార ధారలను మళ్లించింది. కోడూరు కణుపు మీద ఒత్తిడి పెరిగితే సగం అవనిగడ్డ వైపు పంపింది. నాగాయలంకలో తెగిపోయిన సమాచారపు ముక్కలను చుట్టుపక్కల కణుపుల నుంచి తెప్పించి అతికించింది. ఊళ్లను కలిపే ఈ సమాచార వలకు కేంద్రమంటూ లేదు. ఊరిదైనా ఇంటిదైనా ప్రతి కణుపు యంత్రమూ పొరుగు కణుపుల సమాచారాన్ని మోస్తుంది, తన సమాచారాన్ని వాటిచేత మోయిస్తుంది. మూడు రోజులపాటు పుచ్చుకోవడమే తప్ప ఏమీ ఇవ్వని కణుపుకు వల తనంతట తానే ధార మూసేస్తుంది. దాన్ని సమతూక సూత్రం అంటారు.

తెరమీద మడదిబ్బ పేరు ఎర్రబడింది. ధార మూసుకునే గడువు మధ్యాహ్నం పన్నెండు.

ఆ కణుపును చూసుకునే యేసోబు ఎదురుగా బల్లమీదే కూర్చుని ఉన్నాడు. దిబ్బమీద ఫోన్లు కూడా పనిచేయక, కబురు పంపే దారిలేక రెండు గంటలు పడవ నడుపుకుంటూ వచ్చాడు.

"అటుమొన్నటి గాలికి పంపే యాంటెన్నా ఇరిగిపోయిందమ్మా. మీరు పంపేది అందుతానే ఉంది. మేమిచ్చేదే బయటికి పోవట్లా."

"కొత్తది శుక్రవారానికిగానీ రాదు బాబాయ్."

"పీతల కోసం ముప్పై పడవలు సముద్రంలో కలిసే ఏటి మొగకి ఎల్లినయ్. గాలి కబురొస్తే కణుపు కాడున్న మా మరియమ్మ స్తంభానికి జెండా ఎత్తుద్ది. అది చూసే ఎనక్కి తిరుగుతారు. ధార మూసేస్తే ఆవిడకెట్టా తెలుసుద్ది?"

తాయారు బందరులోని పర్యవేక్షకుడు కామేశ్వర్‌కు ఫోన్ చేసి, శుక్రవారం దాకా మడదిబ్బ ధార మూతపడకుండా ఆపమంది.

"ఆపే మీట ఎవరి చేతిలోనూ ఉండకూడదనే కదా ఇలా కట్టాం," అన్నాడాయన.

"మా ఇంటి కణుపు ఈ మూడు రోజులూ ఇచ్చినదాన్ని మడదిబ్బ పేరున జమ చేస్తానండి."

"చేస్తే మీ ఇంటికి ధార ఆగిపోతుంది. మీ రొయ్యల చెరువు మీటర్లన్నీ దానిమీదేగా?"

"శుక్రవారం దాకా గట్టుమీద మేమే కూర్చుని కొలుచుకుంటాం."

ఆమె బదిలీ పత్రం తెరిచింది. రెండు కణుపులకూ సంబంధమేమిటని వల అడిగింది. అది చూపిన జవాబులు మూడు: ఒకే ఇల్లు, ఒకే యజమాని, ఒకే కార్యాలయం. వీటిలో ఏదీ కాదు. కింద ఖాళీగా ఉన్న గడిలో "పొరుగు" అని రాసింది.

వలకు ఆ మాట కొత్త. కొత్త మాట చెల్లాలంటే సగానికిపైగా ఊళ్ల కణుపులు ఒప్పుకోవాలి. ఆమె కారణాన్ని రెండు వాక్యాల్లో రాసి అన్ని ఊళ్లకూ పంపింది. అప్పటికి పదకొండూ నలభై.

కోడూరు ఒప్పుకుంది. మిగతా ఊళ్ల నుంచి ఒప్పుకోలు రాలేదు. తాయారు ఒక్కొక్క ఊరికీ ఫోన్ చేసింది, ఎవరినీ బతిమాలలేదు, జరిగింది చెప్పి పెట్టేసింది. పన్నెండుకు రెండు నిమిషాలుందనగా నాగాయలంక ఒప్పుకోవడంతో లెక్క సగం దాటింది. మడదిబ్బ పేరులో ఎరుపు పోయింది.

పన్నెండున్నరకు గాలి హెచ్చరిక వచ్చింది. ఆమె దాన్ని అన్నిటికన్నా ముందు మడదిబ్బకు వదిలింది. అందిందో లేదో తెలిసే మార్గం లేదు. యేసోబు కిటికీ దగ్గర నిలబడి, వంగుతున్న సరుగుడు చెట్లను చూస్తూ ఉండిపోయాడు.

మూడు గంటలకు నాగాయలంక నుంచి ఫోన్ వచ్చింది. జెండా చూసి తిరిగిన పీతల పడవలు ముప్పయ్యీ అక్కడి ఒడ్డుకు చేరాయట. యేసోబు బల్లమీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

సాయంత్రం కామేశ్వరే ఫోన్ చేశాడు. "మీ మాట అప్పుడే పద్నాలుగు ఊళ్లు వాడుకున్నాయి. వారం నుంచి మూతబడ్డ కణుపుల్ని కూడా ఎవరో ఒకరు తమ పొరుగంటున్నారు. ఇట్లా అయితే సూత్రం ఇంక దేన్నీ మూయలేదు తాయారూ."

"అవునండి, పొరుగున్న దేన్నీ ఇంక మూయలేదు," అంది తాయారు.